వంటింటి మూల పునాది

మార్చి పదకొండో తారీకు మధ్యాహ్నం నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలూ, ఒక ఉడకబెట్టిన గుడ్డూ. తారీకు గుర్తుండిపోవడానికి కారణం గుడ్డు కాదు, మా మరదలి ఫోను. మా ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తున్నా, ఆవిడ చెల్లెలు రోజు విడిచి రోజు ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతుంది.

"బావగారూ, ఏం తిన్నారు?"

చెప్పాను.

"గుడ్డు మీద ఉప్పేసుకున్నారా?"

ఆలోచించాను. వేసుకోలేదు. వేసుకోలేదన్న సంగతి ఆమె అడిగేదాకా నాకు తెలియనే లేదు. నేను మాట్లాడకపోవడమే జవాబైనట్టుంది.

"ఇలా కుదరదు. మీరు మా ఇంటికి వచ్చెయ్యండి. పైన మీకొక గది వేస్తాం. ఆయనా అదే అంటున్నారు. ఊరికే అనడం కూడా కాదు, నిన్న డాబా ఎక్కి చాక్‌పీసుతో గీతలు గీసొచ్చారు."

"నేనింకా అంత ముసలాణ్ణి కాలేదమ్మా."

"ముసలాళ్ళయితే ఉప్పు మర్చిపోరు. మా అత్తగార్ని చూడండి, దగ్గరుండి రెండోసారి కూడా వేయించుకుంటుంది."

ఫోన్ పెట్టేశాక మిగిలిన సగం గుడ్డు మీద ఉప్పు చల్లుకుని తిన్నాను. బాగుంది.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. కాలేజీ వదిలిన దగ్గర్నుంచీ ఇళ్ళు ఎలా నిలబడతాయో లెక్క కట్టడమే నా పని. ఉద్యోగం అయిపోయాక, అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని అడిగినవాళ్ళకి సలహాలు చెబుతున్నాను. ఎవరు ఎవరికి నా నంబరు ఇస్తారో తెలియదు గానీ సాయంకాలాలు ఫోన్లు వస్తుంటాయి. స్లాబు పోసిన మర్నాడే వాన కురిసింది, కొంప మునిగినట్టేనా అని ఒకాయన. పక్కవాళ్ళు మా గోడకి ఆనించి గొయ్యి తవ్వుతున్నారు, ఇల్లు జారిపోదు కదా అని ఒకావిడ. డాబా మీద ఇంకో నీళ్ళ ట్యాంకు పెట్టుకోవచ్చా అని అడిగిన ఒక పెద్దమనిషి, నేను వద్దన్నాక, "పెట్టేశామండీ" అన్నాడు మెల్లిగా. ప్రశ్నలు ఎన్ని రకాలైనా లోపల అడిగేది ఒకటే, నిలబడుతుందా అని. భయం లేనివాడు ఇంజనీరుకి ఫోన్ చెయ్యడు. ఓపిగ్గా విని, "వాన మీకు మేలే చేసిందండీ, గోనెపట్టాలు కప్పి ఇంకో వారం తడపండి" అంటే, అటువైపు మనిషి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తుంది. నాకా చప్పుడు ఇష్టం. చాలా రోజులు నా ఇంట్లో వినిపించే మరో మనిషి ఊపిరి అదొక్కటే.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మా తోడల్లుడు కార్లు నడపడం నేర్పుతాడు. ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుని పరాయివాళ్ళ తప్పులకి తను బ్రేకు తొక్కడం అలవాటై, ఇంట్లో కుర్చీలో ఉన్నా సరే, నచ్చని మాట చెవిన పడితే కుడికాలు నేలకేసి నొక్కుతాడు. మా మరదలు చాటుగా "బ్రేకులాయన" అంటుంది. కోపం వస్తే ఎదురుగానే అంటుంది.

నేను చెప్పులు విప్పకముందే నన్ను డాబా మీదికి లాక్కుపోయాడు.

"అన్నయ్యా, ఇదిగో తలుపు. ఇది కిటికీ. ఇక్కడ మంచం, ఇక్కడ నీ లెక్కల బల్ల. బాత్రూము ఈ పక్కకి. చూసి అడుగెయ్యి, గోడ మీద నిలబడ్డావు."

నేను గీత మీంచి పక్కకి తప్పుకున్నాను.

"ఎలా ఉంది?"

"గోడలు నిటారుగానే ఉన్నాయి."

"నవ్వకు. మిగతాదంతా నువ్వే చూసుకో. ఇంట్లో ఇంజనీర్ని పెట్టుకుని బయటివాణ్ణి అడిగితే నలుగురూ నవ్విపోతారు."

ఆ ఇల్లు వాళ్ళు కట్టింది కాదు, కట్టినవాళ్ళ దగ్గర కొన్నది. చిన్న ఇల్లు. ఆరు పిల్లర్లు, మీద ఒక స్లాబు. పిల్లర్లని సుత్తితో తట్టి చూశాను. బోలు మోత ఎక్కడా లేదు, ఖణేల్‌మంది. కాంక్రీటు ఎవరో మనసు పెట్టి పోశారు. ఇక తెలియాల్సింది కింది సంగతి. పిల్లరు బరువంతా దాని అడుగున ఉండే కాంక్రీటు దిమ్మ మీదికీ, దిమ్మ మీంచి మట్టిలోకీ పోతుంది. దిమ్మ ఎంత ఉంది, దాని కింద మట్టి ఎలాంటిది అన్నది తవ్వి చూస్తేనే తెలుస్తుంది. ఎక్కడ తవ్వాలో కాగితం మీద గుర్తు పెట్టి ఇచ్చాను. వెనకవైపు, వంటింటి మూల. ఆ మూల కొంచెం పల్లం. వానాకాలం నీళ్ళు నిలుస్తాయని మా ఆవిడ చెబుతుండేది. వంటింటి కిటికీ పైన వెంట్రుక మందాన ఏటవాలుగా ఒక పగులు కూడా ఉంది.

తవ్వే రోజుకి నా మోకాలు వాచి కూర్చుంది. డాక్టరు కదలొద్దన్నాడు. పర్వాలేదు, ఫోటోలు పంపండి అన్నాను. మేస్త్రీ పంపాడు. గొయ్యి గోడలు కత్తితో కోసినట్టు నిలబడ్డాయి. రాతిముక్కలు కలిసిన ఎర్రటి గట్టి నేల. దాని మీద దిమ్మ అంచు, వెడల్పు తెలిసేలా అడ్డంగా టేపు. ఒక సంచిలో మట్టి కూడా పంపించాడు. చేతిలో నలిపితే నలగలేదు. అంత మంచి నేల దొరకడం అదృష్టం. ఒక్కణ్ణే కూర్చుని ఫోటో చూసి నవ్వుకున్నాను.

లెక్క చేశాను. ఇప్పటి ఇంటి బరువు, పై గది బరువు, మంచం, బీరువా, బకెట్లలో నీళ్ళు, నేనూ, నన్ను చూడ్డానికి వచ్చే నలుగురూ, అన్నీ కలిపినా ఆ నేల మోయగలిగినదానికి ఎంతో తక్కువే వచ్చింది. మళ్ళీ చేశాను. నాకోసం నేను చేసుకుంటున్న లెక్క కదా, ఆశ కొద్దీ ఎక్కడైనా సున్నా ఎగిరిపోయిందేమోనని. ఎగరలేదు.

తర్వాత గది గీశాను. మంచం మీద కూర్చున్న మనిషి కంటికి వీధి కనిపించేలా కిటికీని కిందికి దించాను. ఎన్ని ఇళ్ళకో కిటికీలు పెట్టాను గానీ, అందులోంచి బయటికి చూసేది నేనని ఎప్పుడూ అనుకోలేదు. ఆ వారంలోనే మా ఆవిడ బీరువా తెరిచాను. రెండేళ్ళుగా తాళం తిప్పడం, మళ్ళీ వేసెయ్యడం. ఒకచోటికి తీసుకెళ్ళడానికైతే సర్దడం అంత కష్టం కాదని అప్పుడు తెలిసింది. ఎక్కడికీ వెళ్ళకుండా సర్దడమే చేతకాలేదు. అడుగున మూడు కళ్ళజోళ్ళు దొరికాయి. మూడూ పోయాయని ఒక్కోసారీ నాతో పోట్లాడి కొత్తది కొనిపించింది. మూడింటినీ పెట్టెలో పెట్టాను. ముందుగదిలో పెట్టెలు పేర్చి, వాటి పక్కనుంచి నడుస్తుంటే, రైల్వే స్టేషన్లో ఉన్నట్టు, ఏదో బండి వస్తున్నట్టు అనిపించేది.

మోకాలి వాపు తగ్గాక, పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే వెళ్ళాను. వాకిట్లో ఇనుప చువ్వలు దించి ఉన్నాయి. మేస్త్రీ తన మనిషితో మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. హాల్లో మా తోడల్లుడి తల్లి కుర్చీలో ఉంది. నేను పిన్నిగారు అంటాను. ఆవిడకి చెవులు బాగా తగ్గాయి గానీ నోరు తగ్గలేదు.

"నీ గది సరిగ్గా నా నెత్తి మీదేనట కదా నాయనా. రాత్రిళ్ళు ధబధబా నడవకు."

"నడిచినా మీకు వినబడదు కదా పిన్నిగారూ."

"ఏంటీ?"

"మెల్లిగా నడుస్తానంటున్నా!"

"మెల్లిగా నడిస్తే దొంగనుకుంటాను. మామూలుగా నడువు."

నవ్వుకుంటూ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసు నోటికి ఆనించి కిటికీలోంచి బయటికి చూశాను. ఆ మూలన నిమ్మచెట్టు ఉంది. నిండా కాయలతో, చుట్టూ ఎండుటాకులతో, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. నేను గొయ్యి తవ్వమని గుర్తు పెట్టిన చోటు సరిగ్గా అదే. చుట్టుపక్కల ఎక్కడా కొత్తగా తవ్విన మట్టి లేదు.

"అమ్మాయ్, గొయ్యి ఎక్కడ తవ్వారు?"

పొయ్యి దగ్గరున్న మా మరదలు వెనక్కి తిరగలేదు. "ముందువైపు తవ్వాం బావగారూ. గేటు పక్కన."

"నేను ఇక్కడ కదా చెప్పాను."

"ఇక్కడంటే..." ఆమె పొయ్యి చిన్నది చేసింది. "అది అక్క నాటిన చెట్టు. పీకమంటే నాకు చేతులు రాలేదు. మేస్త్రీ కూడా అన్నాడు, ఆరు పునాదులూ ఒకేసారి వేసినవే కదా, ఎక్కడ చూసినా ఒకటేనమ్మా అని. మీకు చెబితే చెట్టు గుర్తొచ్చి బాధపడతారని చెప్పలేదు."

గ్లాసు గట్టు మీద పెట్టాను. నా భార్య నాటిన చెట్టుని నాకోసమే కాపాడారు. ఎవర్ని కోప్పడాలి?

పునాదులన్నీ ఒకేసారి వేశారు, నిజమే. నేలని మాత్రం ఎవరూ ఒకేసారి వెయ్యలేదు. గేటు దగ్గర రాయిలాంటి నేల ఉంటే, పాతిక అడుగుల అవతల పూడ్చిన గుంట ఉండొచ్చు. అసలు ఆ మూలే ఎందుకు అడిగానంటే, అనుమానం ఉన్నది అక్కడే. అనుమానం లేనిచోట తవ్వి, లేదని తేల్చుకున్నాం.

అప్పుడు నాకొక దారి కనిపించలేదని చెప్పను. మా లెక్కల్లో ఎప్పుడూ కొంత అదనపు భద్రత వదులుతాం, మనకి తెలియనిదానికి. తెలియనిది ఇదే కదా, దీనికే వాడుకుంటే? మేస్త్రీ అడగడు. తోడల్లుడికి తెలియదు. ఈ ఇంట్లో తప్పు పట్టగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. ఆ ఒక్కడికీ ముందుగదిలో పెట్టెలు సర్ది ఉన్నాయి. కిటికీ అవతల నిమ్మకాయలు ఎండలో మెరుస్తున్నాయి. పక్క గదిలో పిన్నిగారు దగ్గుతోంది. ఆవిడ మంచం తల వైపు గోడా, వంటింటి మూల గోడా ఒకటే.

వాకిట్లోకి వచ్చి, "ఇవాళ చువ్వలు ముట్టుకోకండి. ఆ మూల తవ్వుదాం" అన్నాను.

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. చువ్వల పక్కన నిలబడ్డ మా తోడల్లుడి కుడికాలు నేలకేసి నొక్కుకుంది.

మా మరదలు లోపలికెళ్ళి పాత దుప్పటి ఒకటి తెచ్చింది, వేళ్ళకి చుట్టడానికి. మేస్త్రీ చెట్టు చుట్టూ దూరంగా పార దించాడు. నేను మోకాలు జాగ్రత్తగా వంచి కాండం పట్టుకున్నాను.

"బతుకుతుందా బావగారూ?"

"వేళ్ళ చుట్టూ మట్టి విడిపోకుండా వస్తే బతుకుతుంది."

మట్టి విడిపోయింది. పట్టు లేదు దానికి. ఎత్తగానే తడి తడిగా, ముద్దలు ముద్దలుగా రాలిపోయి వేళ్ళు బయటపడ్డాయి. సగం సంగతి నాకప్పుడే తెలిసింది. ఆమె వేళ్ళని గబగబా దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గేటు పక్కన, తవ్వి పూడ్చిన పాత గొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ నాటి, రెండు చెంబులు నీళ్ళు పోసి వచ్చింది.

ఇంకా తవ్వారు. నల్లటి మట్టి, బూడిద, పెంకు ముక్కలు, సీసా మెడ, ఒక చెప్పు అడుగు. దిమ్మ దాకా వెళ్ళేసరికి గొయ్యి గోడలు జారడం మొదలుపెట్టాయి. దిమ్మ బాగుంది. పగుల్లేదు, సైజూ గేటు దగ్గరదానంతే. నేను గునపం అడిగి తీసుకుని, దిమ్మ అంచు పక్కన నిలబెట్టి, ఊరికే ఆనుకున్నాను. దిగింది. ఇంకాస్త ఆనుకున్నాను. ఇంకా దిగింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. పైన పట్టుకోవడానికి పిడికెడు ఇనుము మిగిలింది.

ఒకప్పుడు ఇటుకలకో దేనికో అక్కడ మట్టి తవ్వుకుని ఉంటారు. తర్వాత చెత్త పోసి పూడ్చి, చదును చేసి, స్థలం అని అమ్మేశారు.

"అయితే?" అన్నాడు మా తోడల్లుడు.

"వద్దు తమ్ముడూ."

"ఏది వద్దు?"

"పై గది."

మేస్త్రీ చేతుల మట్టి దులుపుకున్నాడు. "సార్, ఇలాంటి నేల మీద మేం రెండంతస్తులు లేపినవి ఉన్నాయి. ఏమీ కాలేదు."

"వాటి కింద మీ అమ్మగారు పడుకుంటారా?"

అతను నవ్వబోయి మానుకున్నాడు.

విడమరిచి చెప్పాను. ఇప్పుడున్న బరువుకి ఆ మూల కుంగాల్సినంత కుంగి ఆగింది. కిటికీ మీది పగులు దాని గుర్తే. ఉన్న ఇంటికి భయం లేదు, అక్కడ నీళ్ళు నిలవకుండా చూసుకుంటే చాలు. పైన గది పెడితే మాత్రం కుంగడం మళ్ళీ మొదలవుతుంది. ఇల్లు మొత్తం ఒకేలా దిగితే ఏమీ కాదు. నలుగురు బీరువా మోస్తున్నప్పుడు ఒకడి మోకాలు వంగిందనుకో, మిగతా ముగ్గురూ ఎంత బలమైనవాళ్ళయినా ఏం లాభం?

"బలం చెయ్యి. దిమ్మ కింద ఇంకా తవ్వి కాంక్రీటు నింపు."

"ఎంత లోతుందో తెలియదు. పక్కింటి గోడ ఇటు ఆనుకుని ఉంది. దాని పక్కన పునాది కింద చెయ్యి పెట్టడానికి నాకు ధైర్యం లేదు. మిషన్ తెచ్చి లోతుగా స్తంభాలు దింపుదామంటే, పెరట్లోకొచ్చే ఈ పక్క సందులోకి నీ కారే రాదు."

"పోనీ ముందు సగం మీద వేద్దాం."

"అక్కడ మెట్లూ, ట్యాంకూ పోగా మిగిలినచోట నేను నిలబడి నిద్రపోవాలి."

అతను కాసేపు గోతిలోకి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అన్నయ్యా, ఒక మాటంటాను, ఏమీ అనుకోకు. రావడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. మట్టి మీదకి నెట్టకు."

"ఏమండీ!" అంది మా మరదలు.

"నువ్వుండు. మొదట్నుంచీ అంతే ఈయన. వదినగారు పోయినప్పుడు నెల్లాళ్ళు ఉండమంటే ఉన్నాడా? భోజనానికి రమ్మంటే పనుందంటాడు. ఏం పని? ఎవడి ఇంటికో పగులొచ్చిందని ఫోన్లో చెప్పడం ఒక పనా? ఇప్పుడు గది వేస్తామంటే, ఒక గొయ్యిలో మంచి మట్టి వచ్చిందని ఇంకో గొయ్యి తవ్వించాడు. తనకి కావాల్సిన మట్టి దొరికేదాకా తవ్విస్తూనే ఉంటాడు."

మట్టి గురించి అడిగితే నేను పొద్దుగూకేదాకా చెప్పగలను. ఇది మట్టి గురించి అడిగింది కాదు. అతను చెప్పినవేవీ అబద్ధాలు కావు. ఉండమన్నప్పుడు ఉండలేదు. రమ్మన్నప్పుడు రాలేదు. ఆ ఇంటి గుమ్మంలో మా ఆవిడ నా ముందు నడిచేది, నేను వెనక. ఒక్కణ్ణే ఆ గుమ్మం దాటడం చేతకాక పనుందనేవాణ్ణి. అది వాళ్ళకెలా తెలుస్తుంది, నేనెప్పుడూ చెప్పందే?

గునపం ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని గోడకి ఆనించాను.

"నాకు రావాలని ఉంది తమ్ముడూ."

అతను గోడకి ఆనించిన గునపం వైపు చూశాడు.

"చాలా ఉంది. మీ అక్క బీరువా సర్దేశాను," అన్నాను మా మరదలితో. "పెట్టెలు ముందుగదిలో ఉన్నాయి. కిటికీ కిందికి దించి గీశాను, కూర్చుంటే వీధి కనపడుతుందని. పొద్దున్నే తమ్ముడు కారు తీసి బయల్దేరుతుంటే పైనుంచి చూడొచ్చనుకున్నాను. ఆ ఇంట్లో... పొద్దున్న లేచి ఎవరితోనూ ఏమీ అనకుండా సాయంత్రం ఫోన్ మోగేదాకా ఉంటాను. అప్పుడు 'హలో' అంటే గొంతు పెగలదు. దగ్గి మళ్ళీ అంటాను. రావాలని లేకపోతే ఈ మూల తవ్వించేవాణ్ణే కాదు. ఫోటో చూపించి, ఏదో ఒక లెక్క చెప్పి, వద్దనేవాణ్ణి. తవ్వితే బాగుంటుందేమో, పొద్దున నేను భయపడింది తప్పేమో అని తవ్వించాను."

అంత మాట నేను ఒక్కసారిగా ఎవరితోనూ మాట్లాడి ఉండను. మేస్త్రీ మనిషి పార అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మా మరదలు కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా.

పెరటి గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. పిన్నిగారు ఎప్పుడొచ్చిందో వచ్చి నిలబడి ఉంది.

"ఏమంటున్నాడ్రా? వస్తాడటా, రాడటా?"

మా తోడల్లుడు గొంతు సవరించుకుని గట్టిగా అరిచాడు. "వస్తానంటున్నాడమ్మా! మట్టే వద్దంటోంది!"

"ఏది వద్దంటోంది?"

"మట్టి! మట్టి!"

"మట్టి మాట ఎవడు వింటాడ్రా?"

"ఈయన వింటాడమ్మా! ఈయన పనే అది!"

ముందు మేస్త్రీ నవ్వాడు. తర్వాత మా మరదలు, ముక్కు ఎగబీలుస్తూ. తోడల్లుడు నవ్వలేదు గానీ, నా దగ్గరికొచ్చి గోడకి ఆనించిన గునపం తీసి, "ఇది మోకాలి మీద పడితే ఇంకో నెల రావు," అని దూరంగా పెట్టాడు.

సాయంత్రం దాకా ఆ గొయ్యి పూడ్పించడంతోనే సరిపోయింది. కొంచెం కొంచెం మట్టి వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాను. గోడ పక్కన నీళ్ళు బయటికి పోయేలా వాలుగా సిమెంటు చెయ్యమని మేస్త్రీకి చూపించాను. అతను చెప్పినట్టే చేశాడు. వెళ్ళేముందు, "సార్, మా ఇంటికి కూడా ఒకసారి రండి. మా వెనక గోడకి పగులుంది," అన్నాడు గొంతు తగ్గించి. వస్తానన్నాను. చువ్వలు వాకిట్లోనే ఉండిపోయాయి. డాబా మీద చాక్‌పీసు గోడలు కూడా అలాగే ఉండి ఉంటాయి. నేను పైకి ఎక్కలేదు.

నేను చెప్పులు వేసుకోబోతే మా మరదలు వాటిని తీసుకెళ్ళి లోపల పెట్టింది.

"ఈ రాత్రికి ఇక్కడే. రేపు వెళ్దురుగాని."

కాదనలేదు.

అన్నం తిన్నాక తోడల్లుడు హాలంతా అడుగులతో కొలవడం మొదలుపెట్టాడు. డ్రైవింగ్ స్కూలు బోర్డులు, పాత టైర్లు, బీరువా, పిన్నిగారి కుర్చీ అన్నీ ఆ హాల్లోనే. "ఈ బీరువా అటు జరిపి, బోర్డులు ఆఫీసులో పడేస్తే, ఇక్కడ ఒక మంచం పడుతుంది. పట్టదా?"

"పడుతుంది. తర్వాత మీరు లోపలికి వెళ్ళాలంటే నా మీంచి దూకాలి."

"దూకుతాం. నీకేం?"

"మీ అమ్మగారు?"

అతను ఆగిపోయాడు. కుడికాలు నొక్కాడు. తర్వాత బీరువాకి ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు. ఇద్దరికీ లెక్క తెలిసిపోయింది. ఆ ఇంట్లో ఒక మనిషి ఒక రాత్రి పడుకోవడానికి చోటుంది, ఉండిపోవడానికి లేదు.

"శనివారాలు రా," అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా. "సాయంత్రం క్లాసు అయ్యాక నేనే వచ్చి కారెక్కించుకుంటాను. పనుందంటే ఊరుకోను."

"ఉండదు."

"ఆదివారం మధ్యాహ్నం తిన్నాకే దింపుతాను. ముందు దింపను."

"సరే."

"పెట్టెలు విప్పకు. అలాగే ఉంచు. ఎప్పుడైనా..." అని మధ్యలో ఆపేశాడు. విప్పాల్సిందేనని నాకు తెలుసు. రేపు వెళ్ళగానే ముందు అదే పని. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు.

సోఫా మీద దుప్పటి పరిచి, దిండు వేసి, తలవైపు మంచినీళ్ళ గ్లాసు పెట్టి మా మరదలు వంటింట్లోకి వెళ్ళింది. హాల్లో దీపం ఆర్పేశారు. పడుకుని కళ్ళు సగం మూసుకున్నాను. వంటింటి వెలుతురు నేల మీద పలకలా పరుచుకుని నా కాళ్ళ దాకా వచ్చింది. గిన్నెలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్న చప్పుడు. కొళాయి కట్టేసిన చప్పుడు. పక్క గదిలో పిన్నిగారు నిద్రలో ఏదో అంటోంది. తోడల్లుడు గురక మొదలుపెట్టాడు. ఇంతమంది ఒకే కప్పు కింద ఊపిరి తీస్తుంటే వినడం అలవాటు తప్పి, నిద్ర పట్టలేదు. పట్టకపోయినా బాగుంది.

కాసేపటికి చప్పుళ్ళు ఆగాయి. మా మరదలు గుమ్మం దాకా వచ్చి నా వైపు చూసింది. నిద్రపోయాననుకుంది. కళ్ళు పూర్తిగా తెరవలేదు నేను. వెలుతురు నా మీద పడుతోందని కాబోలు, వంటింటి తలుపు దగ్గరికి లాగింది. ఆ మూల దిగినప్పట్నుంచీ ఆ తలుపు నేలకి రాసుకుని కిర్రుమంటుంది. ఆమె రెండు చేతులతో గడియ దగ్గర పట్టుకుని, తలుపుని కొంచెం పైకి ఎత్తి, ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.